కడుపుతోనున్న తల్లియు, బిడ్డ మేని దురదయు – బేరిగై సీమలో ఒక యెఱుక చరిత్ర

హోసూరునకు ఈశాన్యమున, కర్ణాటకపు సరిహద్దు నానుకొనియున్న బేరిగై పూర్వము ఒక పాళెపట్టు. బాగలూరు, శూలగిరి, అంకుశగిరి పాళెములతోపాటు దీని పేరును సేలము జిల్లా చరిత్రలలో కనబడును. 1792లో బారామహలును, 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట హోసూరు సీమయు ఆంగ్లేయుల వశమయ్యెను. 1965లో ధర్మపురి జిల్లాయు, 2004లో కృష్ణగిరి జిల్లాయు ఏర్పడెను. ఇన్ని మార్పులలోను మన యిండ్లలోని మాట తెలుగుగనే నిలిచినది. పాళెగాండ్ర సంగతులను పెద్దలు వ్రాసియున్నారు గనుక మేము వాని జోలికి పోము. మేము వ్రాయబూనినది వేఱొక చరిత్ర. కడుపుతోనున్న స్త్రీ తనకు పుట్టబోవు బిడ్డ చర్మమును గూర్చియు, ఊపిరిని గూర్చియు ఏమి యెఱిగియుండెను, ఎవరామెకు చెప్పిరి, చెప్పినదానిలో నిజమెంత, అనునదే ఆ చరిత్ర.

దీనికి దస్త్రములు లేవు. మద్రాసు రాజధానిలో 1899వ సంవత్సరపు జనన మరణ రిజిస్ట్రేషను చట్టమునకు ముందును వెనుకను గ్రామాధికారులు చావుపుట్టువులను పుస్తకములకెక్కించుచు వచ్చిరి. ఆ పుస్తకములలో వాంతిభేది, మశూచి, జ్వరము, అతిసారము, దెబ్బలు, ఇతర కారణములు అను గడులుండెను. రేయెల్ల గోకికొని యేడ్చు బిడ్డకు అందులో గడి లేదు. ఏలయన అది చంపు వ్యాధి కాదు. కచేరీలో కాగితముల నడుమ బ్రతుకు గడపిన మావంటి వారికి గడిలేని సంగతి లేనట్లే తోచుట సహజము. కాని చెక్కిళ్ళపై చెమ్మగిల్లి, మోచేతి మడతలలోను మోకాలి వెనుకను పొట్టురాలు పసిచర్మమును చూడని ముత్తవ మన సీమలో ఉండియుండదు. ఉబ్బసముతో రొప్పు మనుమని వీపు నిమురుచు తెల్లవారువఱకు కూర్చున్న అవ్వలును తక్కువగా లేరు.

మొదట పేర్లను గూర్చి చెప్పవలెను, ఏలయన చిక్కంతయు అక్కడనే మొదలైనది. గజ్జి, చిడుము, తామర, పొక్కులు, దద్దురులు అను మాటలు తెలుగున ఉన్నవి. ఇందులో గజ్జి ముఖ్యముగా అంటువ్యాధి; కంటికానని పురుగు చర్మములో దొలుచుకొనిపోవుటచే కలుగునది. ఇటలీ వైద్యుడు బొనోమో ఆ పురుగును 1687లోనే సూక్ష్మదర్శినితో చూచి వ్రాసియుండెను. తామర బూజు జాతివలన వచ్చును, అదియు అంటును. వైద్యులు ఎగ్జిమా యనునది ఈ రెండును కాదు. ఒకరినుండి యొకరికి అంటదు. అయినను మన యిండ్లలో మూడింటికిని ఒకటే మాట, ఆనాడు నోటికి వచ్చిన మాట. పొరుగు కన్నడిగులు ఎగ్జిమాను ఇసుబు అందురు. తమిళులకు కరప్పాన్ అను పేరున్నది. సిద్ధవైద్యమున పసిపిల్లల చికిత్సను తెలుపు బాలవాగడమునందు కరప్పాన్ రకములు వేర్వేరుగా చెప్పబడియున్నవి. ఈ విషయమున తమిళుల మాట మన మాటకంటె గట్టిదని ఒప్పుకొనవలెను. పేరు తప్పినచోట మందును తప్పును. గజ్జియని తలచి గంధకపు లేపనము రాచిన ఎగ్జిమా చర్మము మఱింత యెండి మండును. అంటునని భయపడి ఆ బిడ్డను తోడిపిల్లలతో ఆడనీయనివారు కలరు. బడిలో వేఱు బల్లపై కూర్చుండబెట్టినవారును కలరు.

ఇక గర్భిణి మాట. చరక సంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున, గర్భవతి యే రసమును ఎడతెగక సేవించినచో బిడ్డకే దోషము కలుగునో వరుసగా చెప్పబడినది. తీపిపై మరగిన తల్లికి మేహము గల బిడ్డయు, పులుపుపై మరగిన తల్లికి రక్తపిత్తమో చర్మరోగమో నేత్రరోగమో గల బిడ్డయు, ఉప్పుపై మరగిన తల్లికి త్వరలో ముడుతలును నెరపును బట్టతలయు వచ్చు బిడ్డయు కలుగునని దాని తాత్పర్యము. కారము, చేదు, వగరులకును ఇట్లే ఫలములు చెప్పబడినవి. ఎగ్జిమాను పోలిన విచర్చికను ఆ గ్రంథము పదునెనిమిది కుష్ఠములలో చేర్చినది. పెద్దలు ఊరక చెప్పలేదు. నిత్యము, మితిమీరి, అను మాటలను అక్కడ ఉంచిరి. గర్భిణికి నెలనెలకును పాలు, నేయి, వెన్న మొదలైన పుష్టికరములను విధించినవారును వారే. కాని గ్రంథము పండితుని యింటనుండి వంటయింటికి దిగివచ్చులోపల ఆ మితి యను మాట రాలిపోయి, తప్పు మాత్రము మిగిలెను. తల్లి తిన్నది, బిడ్డ యనుభవించినది, అని.

మా బంధువులలో ఒక యింట మొదటి బిడ్డకు మూడవ నెలలోనే చెక్కిళ్ళు చెమర్చి పెచ్చులు కట్టెను. ఐదవ నెలలో చెట్టుక్రింద నిలిచి మామిడికాయ తిన్నది గనుకనే యిట్లయినదని ఆ యింటి పెద్దమ్మ కోడలిని నాలుగేండ్లపాటు అనెను. రెండవమాఱు కడుపు పండినప్పుడు ఆ పిల్ల మామిడి మాట యటుంచి చింతపండు, పెరుగు, వేరుసెనగ, గ్రుడ్డు అన్నియు మానెను. సంగటియు చారును తప్ప మఱేమియు తినక, రక్తము తక్కువై, తూకము తక్కువగనున్న బిడ్డను కనెను. ఆ బిడ్డకును ఎగ్జిమా వచ్చెను. అయితే ఆ యింట తాతకు ఉబ్బసమనియు, తండ్రికి ప్రతి మార్గశిరమునను తుమ్ములనియు ఊరివారందఱు ఎఱుగుదురు. దానిని ఎవ్వరును లెక్కకు తేలేదు. తండ్రి వంకనుండి వచ్చునది వ్యాధియని ఆ కాలమున ఎవ్వరికిని తోచకపోవుటయు ఒక చరిత్రయే.

కరప్పాన్ పండములని తమిళులు కొన్ని పదార్థములను ఒకచోట చేర్చి, వంకాయ, ఎండుచేప మొదలగువానిని దురదగలవారును బాలింతలును తినరాదందురు. మనవారును ఆ పట్టికను తెచ్చుకొని దానికి తమ పట్టికను చేర్చిరి. బొప్పాయి, నువ్వులు వేడియని, కడుపు నిలువదని గర్భిణులు మానుట ఇక్కడ పాతమాటయే. తమిళనాట గర్భిణుల ఆహార నిషేధములను గూర్చి ఫెర్రో-లుట్సీ అను విదుషి 1973లో ఒక శాస్త్రపత్రికయందు వ్యాసము ప్రకటించెను. మన యవ్వలు చెప్పు బొప్పాయి, నువ్వులు అందును కనబడును. గ్రహణవేళ గర్భిణి మేను గోకికొన్నచో బిడ్డకు అచ్చట మచ్చపడునను నమ్మకము వేఱు. ఒంటిపై ఏ పొక్కు లేచినను అమ్మవారని వేపమండలు కట్టి మందు మానుట మఱియొకటి. మంచియు లేకపోలేదు. గరికె రసముతో కాచిన తైలమును సిద్ధవైద్యులు కరప్పానునకు పూయుదురు. ఎండిన చర్మమునకు చమురు తగులుట కొంత హాయినిచ్చును గదా.

అమ్మవారి మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. మశూచి టీకాలు వేయు దినములలో, ఎగ్జిమా గల బిడ్డకు ఆ టీకా వేయరాదని వైద్యశాస్త్రమే చెప్పెడిది. టీకాలోని విషాణువు పుండుపడిన చర్మముపై ఒళ్ళంతయు ప్రాకి ప్రాణాపాయము తెచ్చెడిది. మన దేశమున మశూచి 1975తో ఆగెను. 1980లో ప్రపంచమున నశించెనని ప్రకటింపబడెను. పసిబిడ్డకు దురద పుండ్లున్నవి, సూది వద్దు, అను అవ్వల పట్టుదల ఆనాడు ఆ యొక్క టీకాకు సంబంధించినంతవఱకు సరియైనదే. అదే పట్టుదల నేడు తట్టు టీకాకో, కంఠసర్పి టీకాకో చూపుట మాత్రము కూడదు. వానికి ఎగ్జిమా అడ్డు కాదు.

పడమటి దేశములలో ఈ యెఱుక మెల్లగా పెరిగెను. ఫ్రాన్సున పోర్ట్యే, రిషే అనువారు 1902లో, మొదటిసారి తాళుకొన్న విషమును రెండవసారి కొలదిగా నెక్కించినను కుక్క చచ్చుటను చూచిరి. శరీరము రక్షణకై పెంచుకొన్న శక్తియే తనకు కీడు చేయగలదని అందువలన తెలిసెను. రిషేకు 1913లో నోబెలు బహుమతి లభించెను. వియెన్నాలో పసిపిల్లల వైద్యుడగు పిర్కే 1906లో అలర్జీ యను మాటను పుట్టించెను. ఇది కుటుంబములలో వంశక్రమముగా వచ్చుచున్నదని 1916లో కుక్, వాండర్ వీర్ అను అమెరికా వైద్యులు చూపిరి. 1923లో కోకా, కుక్ అనువారు ఉబ్బసము మొదలగువానికి కలిపి అటోపీ యని పేరిడిరి. 1933లో వైజ్, సుల్జ్‌బర్గర్ అనువారు బిడ్డల ఎగ్జిమాను అందులో చేర్చిరి. చర్మమునకును ఊపిరికిని చుట్టఱికమున్నదని ఆ విధముగా స్థిరపడెను. చిన్ననాట మేనిదురద, పెద్దయైన పిదప ఉబ్బసము అని మన యవ్వలు కండ్లార చూచి చెప్పుకొనెడి మాటయే యిది. దీనికి మూలమగు ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ యను రక్తద్రవ్యమును 1966, 67 సంవత్సరములలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిచ్ అనువారును కనిపెట్టిరి.

ఈ కథలో తెలుగుసీమకును పాలున్నది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమున ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అను వైద్యులు 1940లో ఒక వింతను ప్రకటించిరి. క్షయవలె దగ్గును ఆయాసమును గల కొందఱు రోగులకు క్షయ లేదు. రక్తమున ఇయోసినోఫిలులను కణములు మాత్రము మిక్కుటముగా నున్నవి. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా యని పేరుపెట్టెను. బోదకాలు పురుగుపై శరీరము చూపు అలర్జీయే దీనికి కారణమని తరువాత తేలెను. దీనిని కుదుర్చు మందు డైఇథైల్ కార్బమజీన్. అది భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనశాలలో వెలువడినది. ఒక తెలుగుగడ్డపై గుర్తింపబడిన రోగమునకు ఒక తెలుగువాని శాలనుండి మందు వచ్చుట మనము చెప్పుకొనదగిన విషయము. ఆయాసమెల్ల ఉబ్బసము కాదని మన ప్రక్క జిల్లావారే లోకమునకు నేర్పిరి.

ఇప్పుడు ఈ వ్యాసమునకు ముఖ్యమైన ఘట్టమునకు వచ్చుచున్నాము. మన యవ్వలు మాత్రమే పొరపడిరని యెవ్వరును తలపరాదు. 1998లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాఖయు, 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘమును, అలర్జీ గల కుటుంబములలో గర్భిణులు వేరుసెనగను మానుట మేలనియు, అట్టి బిడ్డలకు మూడేండ్లు నిండువఱకు దానిని పెట్టరాదనియు సలహా యిచ్చిరి. అంతకుముందు మన పెద్దమ్మ చెప్పినదియు ఇంచుమించుగా ఇదే! కాని సలహా విన్న దేశములలో వేరుసెనగ అలర్జీ తగ్గలేదు, పెరిగెను. అమెరికా సలహా 2008లోను, ఇంగ్లండు సలహా 2009లోను ఉపసంహరింపబడెను. గర్భిణి ఆహారమును కుదించినందువలన బిడ్డకు ఎగ్జిమా తగ్గదనియు, తల్లికి పెరుగవలసిన బరువు తగ్గవచ్చుననియు పెక్కు పరీక్షలను కూర్చిచూచిన క్రేమర్, కకూమా అనువారు 2006లోను 2012లోను వ్రాసిరి.

అంతలో లండనులో గిడియన్ లాక్ అను వైద్యుడును ఆయన తోడివారును మఱొక చిత్రమును చూచిరి. పసినాటనే వేరుసెనగతో చేసిన చిరుతిండి తిను ఇజ్రాయేలు దేశపు యూదుల పిల్లలలో ఆ యలర్జీ నూటికి 0.17, అదే జాతివారై లండనులో పెరుగుచు దానిని తినని పిల్లలలో 1.85. ఇది 2008 నాటి మాట. పిదప తీవ్రమైన ఎగ్జిమాయో గ్రుడ్డు అలర్జీయో గల 640 మంది శిశువులను, నాలుగు మొదలు పదునొకండు నెలలవారిని, రెండు జట్లుగా చేసి ఒక జట్టునకు వేరుసెనగ పెట్టుచు, మఱొక జట్టునకు మానిపించుచు ఐదేండ్లవఱకు చూచిరి. 2015లో ఫలితము వెలువడెను. మాన్పించిన జట్టులో నూటికి 17.2 మందికి అలర్జీ వచ్చెను. తిన్న జట్టులో 3.2 మందికే. దీనికి కారణముగా లాక్ చెప్పినది వినదగినది. నోటి దారిన వచ్చిన పదార్థమును దేహము చుట్టముగా తలచును; చిట్లిన చర్మపు దారిన వచ్చినదానిని శత్రువుగా తలచును. వేరుసెనగ నూనె గల లేపనములు పూసిన బిడ్డలలో ఆ యలర్జీ యెక్కువని 2003లోనే ఆయన చూపియుండెను. మన సీమలో వేరుసెనగ చేనులకు కొదువ లేదు. దానిని కడుపుతోనున్న కోడలు తినవచ్చును. ఆ నూనెను పుండుపడిన పసిచర్మముపై మర్దించుట మాత్రము తగదు. మనము చిరకాలము ఇందుకు సరిగా ఎదురు చేయుచు వచ్చితిమి.

అన్నప్రాశనమును ఆరవ నెలలో చేయవలెనని గృహ్యసూత్రములు విధించినవి. పారస్కరుడు అప్పుడు బిడ్డకు పక్షి మాంసమును, చేపను సైతము చెప్పెను. శాకాహారులమగు మనవారిలో పలువురికి ఈ సంగతి తెలియదు. ఆ వయస్సు నేటి వైద్యులు చెప్పు వయస్సుతో సరిపోవుచున్నది. రాగిసరిలో మెత్తగా నూఱిన వేరుసెనగ ముద్దను కొంచెము కలిపి పెట్టవచ్చును. గింజను గింజగా పెట్టరాదు, గొంతున పడును. ఇదివఱకే ఎగ్జిమా తీవ్రముగానున్న బిడ్డకు వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను.

ఉబ్బసమును గూర్చి మన పొరుగు నగరమున లెక్క కలదు. బెంగుళూరు వైద్యుడు హెచ్. పరమేశ్ తన ఆసుపత్రికి వచ్చిన పదునెనిమిదేండ్లలోపు 20,000 మంది పిల్లలను పరిశీలించి, ఉబ్బసము గలవారు 1979లో నూటికి 9 గాను, 1989లో 18.5 గాను, 1999లో 29.5 గాను ఉండిరని వ్రాసెను. ఇవి ఆసుపత్రికి వచ్చిన పిల్లల లెక్కలు, నగరమంతటివి కావు. అయినను ఆ యెక్కుడును త్రోసివేయ వీలులేదు. బండ్ల పొగ, రద్దీ, ఇరుకుటిండ్లు ఇందుకు కారణములుగా చెప్పబడినవి. ఇంగ్లండున 1989లో స్ట్రాచన్ అనునతడు, పెద్ద కుటుంబములో పలువురు అన్నలు అక్కలు గల బిడ్డకు తుమ్ములు, ఎగ్జిమా తక్కువని గమనించెను. ఐరోపా పల్లెలలో గర్భవతిగానున్నప్పుడు పశువుల కొట్టములో పనిచేసిన తల్లుల బిడ్డలకు రక్తమున అలర్జీ గుర్తులు తక్కువగా నుండెనని 2006లో ప్రకటింపబడెను. ఆవులను కట్టి, పాలు పితికి, పేడ యెత్తిన బేరిగై తల్లులకు ఈ మాట వింతగా తోచదు. అయితే ఆ పేడను పిడకచేసి పొయ్యిలో పెట్టి, గవాక్షము లేని వంటింట పొగ పీల్చుట బిడ్డ ఊపిరికి కీడే. కొట్టపు మేలును పొయ్యి హరించును. పట్టుపురుగులను పెంచు యిండ్లలో ఆ పొడి, పొట్టు కొందఱికి ఆయాసము తెచ్చును. వయ్యారిభామ యను కలుపు 1956లో పూనాలో గుర్తింపబడి, తరువాత బెంగుళూరు ప్రాంతమును కమ్మి మన గట్లకును వచ్చినది; అది తాకిన పెద్దల చర్మము కందును. తల్లి చేతుల ఆ దద్దురును చూచి బిడ్డ ఎగ్జిమాకు మూలమిదేయనుట పొరపాటు. రెంటి త్రోవలు వేఱు.

నేడు వ్యాపించిన క్రొత్త భ్రమ రక్తపరీక్ష చీటీ. కర్ణాటకమున పెద్దలను పరిశీలించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి 26.5 మంది రక్తములో ఏదో యొక ఆహారముపై అలర్జీ గుర్తు కలదు. నిజముగా ఆహారపు అలర్జీ యుండవచ్చునని తేలినవారు 1.2 మంది మాత్రమే. చీటీలో అచ్చయిన పదార్థములనన్నిటిని గర్భిణిచేతనో పసిబిడ్డచేతనో మానిపించుట పెద్దమ్మ మామిడికాయ మాటకు క్రొత్త రూపము. దుకాణములో అడిగి కొను తెల్లని లేపనము రెండవది. అందులో స్టెరాయిడ్ ఉండును. వైద్యుని చేతిలో మేలైన మందే, కాని పసిచెక్కిలిపై నెలల తరబడి పూయగా చర్మము పలుచనగును. 2018లో కేంద్ర ప్రభుత్వము అట్టి పదునాలుగింటిని చీటీ లేక అమ్మరాని పట్టికలో చేర్చెను. పుట్టిననాటినుండి మెత్తని లేపనము పూసిన ఎగ్జిమా రాకుండునని ఆశించిరి గాని, ఇంగ్లండులోను నార్వే, స్వీడన్లలోను జరిగిన పెద్ద పరీక్షలు 2020లో ఆ యాశను వమ్ముచేసెను. వచ్చిన పిదప చర్మమును తడియారకుండ లేపనముతో కాపాడుట మాత్రము చికిత్సకు పునాది.

1906 నాటినుండి నేటివఱకు కూడిన యీ యెఱుక మన యిండ్లకు ఏ భాషలో వచ్చును? గ్రామ ఆరోగ్య నర్సు తమిళమున చెప్పును, ఆమె యిచ్చు పుస్తకము తమిళమున ఉండును. బెంగుళూరు వైద్యుడు ఆంగ్లమున వ్రాయును. పొరుగింటివారు కన్నడమున ఓదార్తురు. అత్త తెలుగున ఆజ్ఞాపించును. మొదటి కాన్పునకు పుట్టింటికి వచ్చిన పిల్ల నర్సుతో గజ్జి యన్న, ఆమె పురుగు మందు వ్రాసియిచ్చుటకు ఆస్కారము కలదు. కరప్పాన్ అనవలెను, మా మామగారికి ఉబ్బసము, మా ఆయనకు తుమ్ములు అని కూడ చెప్పవలెను. సీమంతమునకు వచ్చిన పేరంటాండ్రు పండ్లతోపాటు సలహాలను తెత్తురు గనుక, ఆనాడు పీటపై కూర్చున్న పిల్లకు వేరుసెనగ చిమ్మిలి పెట్టు ఆచారము కొన్ని యిండ్లలో ఇప్పటికిని నిలిచియున్నది. దానిని మాన్పింప నక్కరలేదు.